సవరణ: మ్యాన్‌హోల్ దగ్గరి సున్నాను నమ్మవద్దు

టెక్కలి, సోంపేట వైపు నుంచి షిప్‌యార్డుల్లో వెల్డింగు, గ్యాస్ కటింగు పనులకు వెళ్లే మన శ్రీకాకుళం కుర్రవాళ్ల కోసం గతవారం పెట్టిన పోస్టులో, మ్యాన్‌హోల్ (ట్యాంకులోకి దిగే రంధ్రం) దగ్గర, మండే వాయువును కొలిచే గ్యాస్ మీటరు సున్నా చూపిస్తే ఓడ ట్యాంకులోకి దిగవచ్చని రాశాను. అది తప్పు, ఒక్కచోటి కొలతను ట్యాంకు మొత్తానికి అన్వయించడం నా పొరపాటు.

షిప్‌యార్డు భద్రతా నియమాలు చదివి, ఆ పనిలో ఏళ్లుగా ఉన్న ఒక సేఫ్టీ ఆఫీసరును అడిగి తెలుసుకున్నది ఇది. కటింగుకు వాడే ఎల్పీజీ గాలికంటే బరువైనది కాబట్టి, రాత్రంతా లోపలే వదిలేసిన గొట్టం నుంచి సన్నగా కారినా అది అడుగున, ఫ్రేముల (ఓడకు బలాన్నిచ్చే ఇనుప పక్కటెముకల) మధ్య గుంటల్లో నీళ్లలా నిలిచిపోతుంది. పైన అంచున పట్టుకున్న మీటరుకు దాని జాడే తెలియదు. అందుకే మనిషి బయటే నిలబడి, మీటరుకు తగిలించిన సన్నని గొట్టాన్ని లోపలికి దింపి, పైన, మధ్యన, అడుగున గాలి లాగి చూడాలి. షిఫ్టు ముగియగానే కటింగు గొట్టాలను బయటికి తీసేయాలి.

ముందు చూడవలసింది ఆక్సిజన్. మూసి ఉంచిన ట్యాంకులో ఇనుము తుప్పు పడుతూనే దాన్ని తినేస్తుంది. లోపలి గాలిలో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే మనిషికి ప్రమాదం. పైగా వాయువును లోపల మండించి కొలిచే రకం మీటరు అప్పుడు గ్యాస్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

పాత పోస్టులో ఆ వాక్యాన్ని తీసేశాను. దాన్ని వాట్సాప్‌లో పంపినవారు ఈ సవరణను కూడా అవే గ్రూపులకు పంపాలని కోరుతున్నాను.