కారుకు జ్వరం

ఈ ఎండాకాలం మా కారు ఏసీలో మూడుసార్లు గ్యాస్ కొట్టించాను. అదే కాలంలో మా వంటింట్లో సిలిండర్ ఒక్కటే మారింది. పొయ్యి కంటే కారు ఎక్కువ గ్యాస్ తాగుతోందంటే ఇంట్లో వండుకోవడం మానేసి అందులోనే కూర్చోవచ్చంది మా ఆవిడ. కూర్చుంటే నిజంగానే ఉడికేవాళ్లం.

కారు 2003 మోడల్. ఇంజిన్ గట్టిది, తలుపులు గట్టిగా వేస్తే తప్ప పడవు, ఏసీ మాత్రం నిరుడు మేలో చేతులెత్తేసింది. అమ్మేద్దామని అడిగితే నలభై వేలకు మించి పలకదన్నారు. పోనీ కారును ఉంచి ఏసీనే మారుద్దామని ఉగాదికి ముందే పని మొదలుపెట్టాను. కొత్త కంప్రెసర్, గ్యాస్ వేడిని బయటికి వదిలే కొత్త కండెన్సర్, తేమ పీల్చే డ్రయర్, ముందు జాలీ వెనక అదనంగా ఇంకో ఫ్యాను. అంతా కలిపి ముప్పై ఎనిమిది వేలు. అంటే కారు కంటే ఏసీ రెండు వేలు చవక.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. "ఇంత జేసినంక గా పాత క్యాసెట్ టేపు ఏం బాగుంటది బావా?" అన్నాడు మా బావమరిది. వాడికి ఎదుటివాళ్ల డబ్బుతో మంచి అభిరుచి ఉంది. తొమ్మిదంగుళాల టచ్ స్క్రీన్ పెట్టించాం. డ్యాష్‌బోర్డు మొత్తం కుప్పలా విప్పి పోసి, మధ్యాహ్నం భోజనాల వేళకు మళ్లీ బిగించేశారు. చివర్లో అక్కడి కుర్రాడు రెండు స్క్రూలు, వంకర తిరిగిన ఒక చిన్న ఇనుప క్లిప్పు నా అరచేతిలో పెట్టి, "ఎక్స్‌ట్రా ఉన్నయ్ సార్" అన్నాడు, కొసరు వేసినట్టు. కొసరు పారేయడం మా వంశంలో లేదు. వాటిని యాష్‌ట్రేలో వేశాను.

ఆ మర్నాటి నుంచి ఏసీకి విచిత్రమైన అలవాటు మొదలైంది. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరితే చల్లగా, ఒళ్లు జలదరించేలా వస్తుంది. మా నల్లగొండ గడియారం సెంటర్ దాటగానే వేడెక్కుతుంది. రోజూ అంతే. అక్కడున్న గడియారం చూసి డ్యూటీ అయిపోయిందనుకుంటుందేమో అనిపించేది.

నల్లగొండలో ఏసీ చల్లగా రావట్లేదని ఎవరికి చెప్పినా ఒకటే మాట: గ్యాస్ అయిపోయింది. మెకానిక్ నుంచి మా ఇస్త్రీ ఆయన దాకా అందరిదీ అదే వైద్యం. మొదటి దుకాణంలో గ్యాస్ కొట్టారు. రెండో దుకాణంలో మీటర్ పెట్టి చూసి, "ఎవలో మస్తు ఎక్కువ కొట్టిండ్రు సార్, ఎక్కువైనా కూలింగ్ రాదు" అని ఉన్నది తీసేసి కొత్తగా కొట్టారు. ఈ మాట నిజమే. మా బండికి అర కిలో లోపే పడుతుంది, మించితే ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది. మూడో దుకాణం పద్ధతైనది. లీకులు చూసి, వ్యాక్యూమ్ పెట్టి, కాటా మీద తూచి మరీ కొట్టారు. అసలు గ్యాస్ పెట్రోలు కాదు తాగితే అయిపోవడానికి, మూసిన గొట్టాల్లో అదే తిరుగుతుంటుంది, లీకైతే తప్ప తగ్గదు అని అక్కడే తెలిసింది. బిల్లు కట్టాక తెలిసింది.

మూడు చోట్లా బండిని సగం రోజు ఉంచుకునేవారు. సాయంత్రం స్టార్ట్ చేసి, "చేయి పెట్టి చూడండి సార్" అనేవారు. మంచులా ఉండేది. డబ్బులిచ్చేవాణ్ణి. గడియారం సెంటర్ వచ్చేది.

తర్వాత బావమరిది రంగంలోకి దిగాడు. కండెన్సర్ మీద నీళ్లు పోస్తే చల్లదనం పెరిగితే తప్పు కండెన్సర్‌ది అని ఫోన్‌లో చూశాడట. బండిని ఊరంతా ఒక రౌండ్ తిప్పి తెచ్చి, ఇంజిన్ నడుస్తుండగానే బకెట్టూ చెంబూ పట్టుకొని అభిషేకం మొదలుపెట్టాడు. నేను లోపల ఏసీ ముందు అరచేయి పెట్టి కూర్చున్నాను. ఏడు బకెట్లు. పక్కింటి పెద్దాయన వచ్చి కాసేపు చూసి, "మా స్కూటర్‌కు గూడ జర పొయ్యి బిడ్డా" అన్నాడు. చల్లదనం ఇసుమంత కూడా పెరగలేదు. అంటే కండెన్సర్ బాగుందని అర్థం. మాకు మాత్రం నీళ్లు సరిపోలేదని అర్థమైంది.

సరిగ్గా రోహిణి కార్తెలో మిర్యాలగూడలో పెళ్లి పడింది. మా అత్తమ్మ వెనక సీట్లో పట్టుచీర కట్టుకొని కూర్చుంది. 2012లోనే సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దంది కాబట్టి, ఆమె తడిపిన తువ్వాలును కిటికీ అద్దంలో ఇరికించి సొంత ఏర్పాటు చేసుకుంది. మా ఊరి పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది కదా, అది కట్టినవాళ్లు ఈ కాలంలో ఉంటే కారుకు పనికొచ్చే నీడ ఏదైనా కట్టిచ్చేవాళ్లేమో అనుకుంటూ నడుపుతున్నాను. ఊరు దాటి పది కిలోమీటర్లు పోలేదు, వెనక నుంచి మాట వచ్చింది.

"అల్లుడా, అద్దాలు దించితే ఏమన్న అయితదా?"

"ఏసీ నడుస్తుంది కదా అత్తమ్మా."

"గందుకే అంటున్న."

అత్తమ్మ ఎక్కడికి వెళ్లినా సంచిలో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది. బావమరిది దాన్ని తీసి ఏసీ జాలీలో గుచ్చాడు. కాసేపటికి కీచుమంది. వాడు తీసి చూసి గంభీరంగా, "నూటొకటి ఉంది బావా" అన్నాడు.

"అయ్యో, గోలీ ఏసిండ్రా?" అంది అత్తమ్మ సగం నిద్రలో.

పెళ్లిలో ఏం జరిగిందో నాకు పెద్దగా గుర్తులేదు. కూలర్ ముందు కుర్చీ దొరికింది, అది గుర్తుంది.

మర్నాడు బావమరిదిని వెంటబెట్టుకొని దేవరకొండ రోడ్డులో రేడియేటర్లు మాత్రమే బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఏసీ కోసం కాదు, రేడియేటర్ మూత మార్చడానికి. మాటల్లో పాత బాధ చెప్పుకున్నాను. ఆయన గ్యాస్ అనలేదు. అక్కడే ఆయన మీద గౌరవం పుట్టింది. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయించి, బానెట్ కింద వెనక గోడలోకి పోయే లావు గొట్టం మీద నా చేయి పెట్టించారు. మంచు. గొట్టం మీద నీటి బొట్లు, చల్లటి లస్సీ గ్లాసు మీద నిలిచినట్టు. కింద నేల మీద చుక్కచుక్కగా నీళ్లు పడుతున్నాయి.

"ఏసీ మంచిగనే ఉంది సార్. ఇక్కడ సల్లగుంటే లోపల ఎందుకు గరమైతుంది?"

ఆ ప్రశ్న నెల రోజుల్లో ఎవరూ అడగలేదు, నాతో సహా. ఆయన పక్కనే ఉన్న రెండు రబ్బరు పైపుల్లో ఒకదాన్ని తాకి టక్కున చేయి వెనక్కి తీశారు. నా వైపు అదోలా చూశారు.

"హీటర్ చాలు చేసిండ్రా సార్?"

"హీటరా? నల్లగొండలోనా?"

ఇరవై ఏళ్లలో దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. లివర్ నీలం గుర్తు మీదే ఉంది, కావాలంటే చూడండి అని చూపించాను. ఆయన నవ్వి లివర్‌ను అటూ ఇటూ జరిపారు. అది మరీ హాయిగా, దేనికీ సంబంధం లేనట్టు జరిగింది. అటువైపు కేబుల్ ఊడిపోయి ఉంది. డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు ఆ లాగుడుకు హీటర్ కాక్, అంటే ఇంజిన్ నీళ్లను హీటర్‌లోకి వదిలే కుళాయి, సగం తెరుచుకొని అలాగే ఉండిపోయింది. దాంట్లోంచి దాదాపు 90 డిగ్రీలకు కాగిన ఇంజిన్ నీళ్లు నెల రోజులుగా డ్యాష్‌బోర్డులోకి పోతున్నాయి. గాలి ముందు కూలింగ్ కాయిల్ మీదుగా పోయి చల్లబడుతుంది, ఆ వెంటనే హీటర్ కాయిల్ మీదుగా పోయి వేడెక్కుతుంది. ఫ్రిజ్‌లోంచి మజ్జిగ తీసి, పొయ్యి మీద కాచుకొని తాగినట్టు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఈ నీళ్లూ చల్లగానే ఉంటాయి. మా ఇంటి నుంచి గడియారం సెంటర్ ఎంత దూరమో, ఇంజిన్ వేడెక్కడానికి అంత సేపు పడుతుంది.

ఆయన రబ్బరు పైపును పట్టకారుతో నొక్కి పట్టారు. నాలుగైదు నిమిషాలకు లోపల నా ముక్కు చల్లబడింది. మే నెలలో నా ముక్కు చల్లబడటం ఉద్యోగంలో చేరాక ఇదే మొదలు.

"గీడ ఒక క్లిప్పు ఉండాలె సార్, కేబుల్‌ను పట్టుకునేటిది. గీ మోడల్‌ది ఇప్పుడు దొరుకుడు కష్టం."

నేను మాట్లాడకుండా యాష్‌ట్రే తెరిచాను. ఆయన ఆ వంకర ఇనుప ముక్కను వేళ్ల మధ్య పెట్టుకొని తిప్పి చూసి, "టేపు ఎవలు పెట్టిండ్రు సార్?" అన్నారు. బావమరిదికి హఠాత్తుగా ఫోన్ వచ్చింది. అది మోగలేదు, వాడు మాత్రం చెవి దగ్గర పెట్టుకొని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. పెద్దాయన రేడియేటర్ మూతకే డబ్బులు తీసుకున్నారు. క్లిప్పు నాదేనట కదా.

ఆ ఆదివారం చెర్వుగట్టు గుడికి బయలుదేరాం. గడియారం సెంటర్ వచ్చింది, దాటింది. నేను ఊపిరి బిగబట్టాను. చల్లగానే వస్తోంది. బావమరిది మళ్లీ థర్మామీటర్ తీసి జాలీలో గుచ్చాడు. ఈసారి అంకె రాలేదు. మరీ చల్లగా ఉంటే అంకె చూపదట, ఉత్త 'లో' అని పడింది.

"లో అంటే ఏందిరా? బీపీనా?" అంది అత్తమ్మ.

"మంచిదే అమ్మా, సల్లగుందని."

పది నిమిషాలు గడిచాయి. కిటికీలో ఇరికించే తువ్వాలు ఆమె భుజాల మీదికి వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలకు చెవులకు చుట్టుకుంది. నార్కట్‌పల్లి దగ్గర పడుతుండగా ముందుకు వంగి నా భుజం తట్టింది.

"అల్లుడా, నిన్న మొన్న ఆ హీటర్ అన్నరు గదా. గది జరంత ఇయ్యరాదు."