బొమ్మలో చెయ్యి లేదు

మణికట్టు పైన ఇంకా మండుతోంది. కాబట్టి మధ్యలో ఎక్కడైనా మాట తూలితే అది నా నోరు కాదు, గీరుకుపోయిన చర్మం మాట్లాడుతోందని అనుకోండి.

విషయం గబగబా చెప్పేస్తాను. నా దగ్గర ఒక పాత కారుంది. కార్బ్యురేటర్ బండి, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే పాతకాలపు ఏర్పాటున్నది. దాని పెట్రోల్ పంపు ఇంజిన్ పక్కనే ఉంటుంది, ఇంజిన్‌లో తిరిగే క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ ఆడిస్తే ఆడుతుంది, ఎక్కడో వెనకున్న ట్యాంకులోంచి పెట్రోల్ పీలుస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కిందంటే పెట్రోల్ పైపులోనే మరిగి ఆవిరైపోతుంది. ఆవిరిని లాగడం ఆ పంపుకి చేతకాదు. బండి ఆగిపోతుంది, అదీ వెనక అందరూ హారన్ కొట్టే చోటే. కొత్త బండ్లలో పంపు ట్యాంకులోనే, పెట్రోల్‌లో మునిగి ఉంటుంది. అది దూరం నుంచి పీల్చదు, ముందుకి తోస్తుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. అలాంటిదొకటి నా బండికీ పెడితే పీడా పోతుందని కిట్ తెప్పించాను. కార్బ్యురేటర్‌కి 4 పీఎస్ఐ ఒత్తిడి చాలు, ఈ పంపు 40 పైనే తోస్తుంది. అందుకని మధ్యలో ఒత్తిడి తగ్గించే ఒక రెగ్యులేటర్, మిగిలిన పెట్రోల్ తిరిగి ట్యాంకులోకి పోవడానికి ఇంకో పైపు, పంపుకి కరెంటు కలిపే స్విచ్చిలాంటి ఒక రిలే, కాస్త వైరింగు. అదంతా సాఫీగానే అయింది, చెప్పుకోవడానికి ఏమీ లేదు. ట్యాంకు దించడం, కడిగి ఆరబెట్టడం, దాని పైన మూడుంపావు అంగుళాల రంధ్రం కొయ్యడం కూడా అయిపోయాయనుకోండి.

అసలు కథ రింగు దగ్గర మొదలైంది.

కిట్ డబ్బా మీద ‘అన్ని ట్యాంకులకూ సరిపోతుంది’ అని ఉంది. లోపలి కాగితంలో ‘మామూలు పనిముట్లతో ఎవరైనా గంటలో బిగించుకోవచ్చు’ అని ఉంది. ఆ ‘ఎవరైనా’ ఎవరో ఒక్కసారి కళ్ళారా చూడాలని ఉంది నాకు.

పంపు మూత రంధ్రం మీద కూర్చోవాలి. పాత ట్యాంకు రేకు పల్చన, అందులో మరలు నిలవవు. అందుకని రేకు అడుగున ఒక ఇనప రింగు పెడతారు. దానికి స్టడ్లు, అంటే పైకి నిలబడ్డ మరమేకులు, ఉంటాయి. రింగుని ఒకచోట తెంపి ఉంచుతారు, మెల్లగా తిప్పుకుంటూ రంధ్రంలోంచి లోపలికి దింపాలి. స్టడ్లు రేకుకున్న చిన్న చిల్లుల్లోంచి పైకి రావాలి. వాటి మీద ఫోమ్, ఫోమ్ మీద మూత, ఆ పైన నట్లు.

బొమ్మ 6లో రింగు లోపలికి దిగుతోంది. బొమ్మ 7లో రింగు రేకుని అడుగు నుంచి కరుచుకుని ఉంది, మూత కూర్చుంది, నట్లు కూడా పడిపోయాయి. ఈ రెంటి మధ్యలో రింగు కింద పడకుండా ఎత్తిపట్టుకున్న మహానుభావుడెవరో బొమ్మ గీసినవాడికే తెలియాలి. కాగితం తిరగేసి మరగేసి చూశాను. మొత్తం మీద ఎక్కడా ఒక్క చెయ్యి లేదు. వస్తువులన్నీ వాటంతటవే గాల్లో తేలుకుంటూ వచ్చి కూర్చుంటాయి. వాళ్ళ ఊళ్ళో భూమ్యాకర్షణ లేదేమో.

వీడియో కూడా చూశాను. అందులో ఆయన చిరునవ్వుతో “ఇప్పుడు రింగుని ఇలా లోపల పెట్టి...” అన్నాడు. టక్కున సీను మారింది. మూత బిగిసి ఉంది. ఆయన చొక్కా కూడా మారి ఉంది. “చూశారుగా, ఎంత ఈజీనో!” అన్నాడు. ఆ రెండు చొక్కాల మధ్య ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు ఇప్పుడు తెలుసు.

ఇక నాకున్నది ఒకటే దారి. కుడిచెయ్యి రంధ్రంలో పెట్టాను.

మూడుంపావు అంగుళాలంటే గాజుల లెక్కలో బాగా పెద్ద సైజే. బొటనవేలిని అరచేతిలోకి మడిచి తోస్తే చెయ్యి సుఖంగా దిగింది. మణికట్టు కూడా దాటింది. రింగు చేతికి తగిలింది. ఎత్తి పట్టుకున్నాను. స్టడ్లు ఒక్కొక్కటే చిల్లుల్లోంచి తలలు బయట పెట్టాయి. ముచ్చటేసింది. ఎడమచేత్తో మూత అందుకుని రంధ్రం మీద పెట్టబోయాను.

రంధ్రంలో నా చెయ్యి ఉంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం, నేనూ అక్కడ కాసేపు ఆగాను. మూత పడాలంటే చెయ్యి తియ్యాలి. చెయ్యి తీస్తే రింగు పడిపోతుంది. రింగు లేకపోతే మూత నిలవదు. సరే, రింగుతో సహా పైకొచ్చి మళ్ళీ ఆలోచిద్దామని చెయ్యి లాగాను. రాలేదు. రంధ్రం కోసినప్పుడు దాని అంచు లోపలికి వంగింది. చెయ్యి వెళ్ళేటప్పుడు ఆ అంచు ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు మాత్రం లాగే కొద్దీ చర్మంలోకి దిగుతోంది. గాజు ఎక్కించుకున్నంత తేలిగ్గా దిగదని ఆడవాళ్ళకి తెలుసు. పైగా నాది యాభై లీటర్ల గాజు.

ఎడమచేత్తో కిట్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. పాటలన్నీ అయ్యాక ఒక కుర్రాడు పలికాడు. ఆర్డర్ నంబర్ అడిగాడు. అది డబ్బా మీద ఉంది, డబ్బా కారు కింద ఉంది. ట్యాంకుని ఈడ్చుకుంటూ వెళ్ళి, పడుకుని, చదివి వినిపించాను.

“సార్, కిట్‌లో ఏదైనా పార్టు తగ్గిందా?”

“తగ్గలేదు బాబూ, ఎక్కువైంది. నా చెయ్యి ట్యాంకులో ఇరుక్కుంది.”

అవతల కీబోర్డు చప్పుడు. “సార్, చెయ్యి మా కిట్‌లో పార్టు కాదు సార్. దానికి వారంటీ వర్తించదు.”

ఈ మాట పక్కింటాయనకి గోడ మీదుగా వినబడినట్టుంది. పరోపకారి. కష్టం ఉన్నచోటికి పనిముట్టుతో సహా వస్తాడు. ఈసారి ఇనుము కోసే గ్రైండర్‌తో వచ్చాడు.

“మీరు కదలకుండా కూర్చోండి మాస్టారూ, రెండు నిమిషాల పని” అంటూ ప్లగ్ కోసం వెతుకుతున్నాడు.

“వద్దండీ, అది పెట్రోల్ ట్యాంకు!”

“ఖాళీదేగా!”

ఖాళీది కాబట్టే భయం. గాల్లో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం దాకా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరి అంతకన్నా చాలా చిక్కగా ఉంటుంది, లోపల అంటుకోవడానికి గాలి చాలదు. ఖాళీ ట్యాంకే పేలుతుంది. ఎంత కడిగినా అతుకుల్లో కాస్త పెట్రోల్ దాక్కునే ఉంటుంది. ఇదంతా నేను ట్యాంకుతో సహా వెనక్కి వెనక్కి నడుస్తూ చెప్పాను. ఆయన శ్రద్ధగా వింటూ, గ్రైండర్ పట్టుకుని ముందుకి ముందుకి నడిచాడు. అంతా విని, “అయితే నిండా పెట్రోల్ పోసి కోద్దామా?” అన్నాడు.

దెబ్బ తగిలి వాచిన చేతిని గుండెకన్నా ఎత్తులో ఉంచితే వాపు తగ్గుతుందని అప్పుడు గుర్తొచ్చింది. ఎత్తాను. మా ఆవిడ బయటికొచ్చేసరికి కనబడిన దృశ్యం ఇది: మొగుడు పెట్రోల్ ట్యాంకుని నెత్తి మీదికి ఎత్తి నిలబడ్డాడు, ఎదురుగా పక్కింటాయన గ్రైండర్ పట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు. పాపం ఆవిడ గొడవేదో ముదిరిందనుకుంది.

సంగతి విన్నాక ఒకటే అడిగింది. “ఏమండీ, లోపల ఏం పట్టుకున్నారు?”

“రింగు.”

“వదిలెయ్యండి.”

“వదిలితే లోపల పడిపోతుంది.”

“పడనీండి. ట్యాంకులోంచి ఎక్కడికి పోతుంది?”

దీనికి నా దగ్గర సాంకేతికమైన సమాధానాలు చాలా ఉన్నాయి. ఏదీ నోటికి రాలేదు. రింగు వదిలాను. లోపల ఖంగుమంది. ఆవిడ ఒక పాత రబ్బరు గొట్టాన్ని నిలువునా చీల్చి, రంధ్రం అంచుకీ నా చర్మానికీ మధ్య దూర్చింది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు పోసింది. చెయ్యి వచ్చేసింది, కొంత చర్మం ట్యాంకుకి కానుకగా వదిలేసి. తర్వాత రింగుని బయటికి తీసి, స్టడ్లకి దారాలు కట్టి లోపలికి దింపి, పైనుంచి దారాలు లాగి పట్టుకుంది. మూత వేశాను. నట్లు బిగించాను. పక్కింటాయన “ఇంతేనా!” అని నిరాశగా గ్రైండర్ తీసుకుని వెళ్ళిపోయాడు.

దారం అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. కాగితం మళ్ళీ చదివి మరీ చెబుతున్నాను.

ట్యాంకు ఎక్కించాం, పెట్రోల్ పోశాం, బండి మొదటి తాళానికే అందుకుంది. ఎంత వేడెక్కినా ఆగడం లేదు. ఒక్కటే గొడవ. ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో గేజీకి చెప్పే పరికరాన్ని సెండర్ అంటారు, విద్యుత్ నిరోధం మార్చి చెబుతుంది. కిట్‌తో వచ్చిన సెండర్ ఖాళీకి 0 ఓమ్‌లు, నిండుకి 90 ఓమ్‌లు చూపిస్తుంది. నా పాత గేజీకి ఖాళీ అంటే 73, నిండా అంటే 10. అంటే ట్యాంకు నింపుతున్న కొద్దీ ముల్లు కిందికి దిగుతుంది, పెట్రోల్ అయిపోయే వేళకి నిండా చూపిస్తుంది. ‘అన్ని గేజీలకూ సరిపోతుంది’ అని కూడా డబ్బా మీద ఉంది లెండి.

మళ్ళీ ఫోన్ చేశాను. అదే కుర్రాడు.

“ముల్లు కదులుతోందా సార్?”

“కదులుతోంది, కానీ తిరగబడి...”

“కదిలితే వర్కింగే సార్” అని పెట్టేశాడు.

నిమిషం తిరక్కుండా మెసేజ్ వచ్చింది, మా సేవకి ఐదులో ఎన్ని నక్షత్రాలు ఇస్తారని. వాళ్ళ సెండర్ లెక్కలోనే చూసి ఐదూ ఇచ్చేశాను.