తప్పు చేయని లోలకం

నెల్లూరు జిల్లా విద్యారంగం సాధించిన ఒక ఘనత గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. బాధ్యత గల పౌరుడిగా నేనే పూనుకుంటున్నాను. మా ఊరి ఇంటర్ ల్యాబుల్లో కొలతల్లో తప్పు రావడం పూర్తిగా ఆగిపోయింది.

సాక్ష్యం మా మేనల్లుడి ఫిజిక్స్ రికార్డు. దారానికి గుండు కట్టి ఊపే లఘులోలకం ప్రయోగం, దాంతో లెక్కగట్టే గురుత్వ త్వరణం (సెం.మీ./సె² లలో) 980.00. పక్క బెంచీ వాడిదీ 980.00. ప్రాక్టికల్ రోజు పెళ్లికి పోయినవాడిదీ 980.00. సున్నాలతో సహా.

అసూయ పుట్టి, నేనూ వరండాలో మీటరు దారానికి నట్టు కట్టి ఊపాను. 20 డోలనాలకు, అంటే 20 సార్లు అటూ ఇటూ ఊగి రావడానికి, ఒకసారి 40.3 సెకన్లు, ఇంకోసారి 39.9. మూడోసారి పక్కింటావిడ పలకరించింది, 19 దగ్గర ఆపానో 21 దగ్గర ఆపానో దేవుడికెరుక. దాన్ని వదిలేసి లెక్కేస్తే మొదటిది 972, రెండోది 992. ఇందులో నా చేతగానితనం కొంతే. కన్ను చూసి బొటనవేలు నొక్కేలోపే సెకనులో ఐదో వంతు పోతుంది. 40 సెకన్లలో అది అర శాతం. కాలాన్ని వర్గం చేస్తాం గనక జవాబులో ఒక శాతం, అంటే పది అటో ఇటో.

"నువ్వు ముందు నుంచి చేశావు మామా, అందుకే పోయింది" అన్నాడు మేనల్లుడు జాలిగా.

వాళ్లు వెనక నుంచి చేస్తారు. దారం పొడవును ఒక్క డోలనం కాలం వర్గంతో భాగించి రాయాల్సిన ఎల్ బై టీ స్క్వేర్ గడిలో పైనుంచి కిందిదాకా 24.82 దింపుతారు. దాన్నుంచి ఆ ఒక్క డోలనం కాలం, అందులోంచి 20 డోలనాల కాలం రాబడతారు. ట్రయల్ ఒకటికీ రెండుకీ మధ్య మర్యాద కోసం 0.1 తేడా పెడతారు. లోలకం బీరువాలోనే ఉంటుంది, పాపం, దానికీ విశ్రాంతి కావాలి.

ఒక్కటే చిన్న చిక్కు. 980 మన ఊరి విలువ కాదు. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఈ విలువ తగ్గుతుంది. 14 డిగ్రీల అక్షాంశం దాటీ దాటగానే ఉన్న నెల్లూరుకు లెక్క ప్రకారం వచ్చేది 978.3 చిల్లర. సముద్ర మట్టం దగ్గర సరిగ్గా 980 కావాలంటే 38 డిగ్రీల దాకా పోవాలి, అంటే కాశ్మీరు కూడా దాటాలి. మా పిల్లలు బెంచీ మీంచి లేవకుండానే అక్కడి గురుత్వాకర్షణను కొలుస్తున్నారు.

1672లో రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలోని కయెన్ పోతే, పారిస్‌లో సరిచేసి పెట్టుకున్న లోలకం గడియారం రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అమాయకుడు, ఉన్నదున్నట్టు రాసేశాడు. తర్వాత న్యూటన్ ఆ తేడానే పట్టుకుని భూమి ఉబ్బు సంగతి తేల్చాడు. అదే మా ల్యాబులో అయితే రిషే రికార్డు మీద ఎర్ర సిరాతో 'రిపీట్' పడేది. నా చిన్నప్పుడు నాకు 964 వచ్చినప్పుడు అదే పడింది. రెండోసారి నేనూ వెనక నుంచే చేశాను, మార్కులకేం లోటు రాలేదు.

మొన్న రాత్రి మేనల్లుడు వైవాకు, అంటే ప్రాక్టికల్స్‌లో నోటితో అడిగే ప్రశ్నలకు, బట్టీ పడుతున్నాడు. "తేడా ఒకసారి ఎక్కువకు, ఒకసారి తక్కువకు పోతే యాదృచ్ఛిక దోషం. ఎప్పుడూ ఒకే వైపుకు పోతే క్రమ దోషం."

మంచం మీద పడుకున్న మా నాన్న లేచి కూర్చున్నాడు. "ఏందబ్బయా, మళ్లీ చెప్పు."

వాడు మళ్లీ చెప్పాడు.

"పుట్టికి 850 కిలోలు గదా. నలభై ఏళ్లుగా మిల్లుకు వడ్లు తోలతా ఉండా. కాటా కాడ తేడా ఒక్కసారన్నా మన వైపుకు రాలా. మరి అదేం దోషం?"

మేనల్లుడు పుస్తకం వెనక పేజీలు తిరగేశాడు.

"అది వైవాలో అడగరు తాతా."