సగం ధరకే దొరుకుతుందట!

ఇప్పుడే, గంట కూడా కాలేదు, నా పర్చేజ్ రిక్వెస్ట్ వెనక్కి వచ్చింది. అడిగింది కొత్త సర్వరేం కాదు. ఒక్క డిస్క్. సర్వర్ల కోసం చేసే 8 టీబీ ఎంటర్‌ప్రైజ్ హార్డ్ డిస్క్, ఒకటంటే ఒకటి. కింద ఫైనాన్స్ సార్ రాసిన లైన్: "అదే 8 టీబీ ఆన్‌లైన్‌లో సగం ధరకే ఉంది, ఒకసారి చెక్ చేయగలరు." దానికి తోడు మామూలు డెస్క్‌టాప్ డిస్క్ ఉన్న షాపింగ్ సైట్ స్క్రీన్‌షాట్. నాకు ఆన్‌లైన్‌లో చూడటం రాదనుకున్నారు పాపం. పదకొండేళ్లుగా సర్వర్ రూమ్‌లో ఏసీ కింద వణుకుతూ కూర్చున్నది పేకాటకనుకున్నారేమో.

8 టీబీ అంటే రెండింట్లోనూ 8 టీబీయే సార్, ఒప్పుకున్నా. గొడుగూ గుండ్రమే, జల్లెడా గుండ్రమే. వానొచ్చినప్పుడు తేడా తెలుస్తుంది.

సర్వర్లు చూసుకునేవాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. డెస్క్‌టాప్ డిస్క్‌కి ఓపిక ఎక్కువ. ఒక సెక్టార్, అంటే డిస్క్ మీద ఒక చిన్న ముక్క, చదవడం కుదరకపోతే నిమిషమైనా సరే దాన్నే గోకుతూ కూర్చుంటుంది. ఒంటరిగా ఉండే డిస్క్‌కి అది మంచి గుణమే, ఆ డేటాకి ఇంకో దిక్కు లేదు మరి. రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కట్టగా కలిపి, ఒకటి పోయినా డేటా మిగిలేలా పెట్టడం. దానికోసం చేసిన ఎంటర్‌ప్రైజ్ డిస్క్ అలా కాదు. ఓ ఏడు సెకన్లు చూసి "నా వల్ల కాదు" అని, డిస్కులన్నింటినీ నడిపే కంట్రోలర్‌కి చెప్పేస్తుంది. కంట్రోలర్ మిగతా డిస్కుల నుంచి లెక్కగట్టి ఆ ముక్క తెచ్చుకుంటుంది. అదే డెస్క్‌టాప్ డిస్క్ ఉలుకూ పలుకూ లేకుండా గోకుతూ ఉంటే, కంట్రోలర్ ఇది చచ్చిందనుకుని బయటికి నెట్టేస్తుంది.

చదివి చెప్పడం కాదు, అనుభవించా. నాలుగేళ్ల కిందట ఇలాగే సగం ధర డిస్కులు నాలుగు కొనిపించారు. శనివారం రాత్రి పదిన్నరకి ఒకటి ఫెయిలైందని మెసేజ్. పరిగెత్తి వెళ్లి, లాగి, నా డెస్క్‌టాప్‌కి తగిలించి టెస్ట్ చేస్తే నిక్షేపంగా ఉంది. తిరిగి పెట్టా. రీబిల్డ్, అంటే మిగతా డిస్కుల నుంచి లెక్కగట్టి దీని డేటా మళ్లీ రాయడం, మొదలైంది. హమ్మయ్య అనుకుని కుర్చీలోనే కునుకు తీశా. తెల్లవారుజామున నాలుగింటికి బీప్ బీప్ అని రెండోది బయటికి. రెయిడ్ 5లో ఒకటి పోతే బతుకుతాం, రెండు పోతే మిగిలేది సున్నా. ఆదివారం అంతా బ్యాకప్ నుంచి రిస్టోర్ చేస్తూ కూర్చున్నా. డిస్కుల మీద మిగిలిన డబ్బు మాత్రం ఆ ఏడాది ఫైల్లో "ఆదా" కింద ఎక్కింది. నా ఆదివారం ఏ ఫైల్లోనూ ఎక్కలేదు.

ఆ దెబ్బకి ఎంటర్‌ప్రైజ్ డిస్కులకి ఒప్పుకున్నారు, కానీ వాళ్ల పద్ధతిలో ఒప్పుకున్నారు. రెండు డిస్కులు పోయినా బతికే రెయిడ్ 6 అడిగా. "నాలుగింట్లో రెండు డిస్కుల జాగా వేస్టా?" అన్నారు. పోనీ రెయిడ్ 5 పెట్టి, ఒకటి పోగానే దాని చోటు అందుకునే హాట్ స్పేర్ ఒకటి ఇప్పించండి అన్నా. "ఊరికే కూర్చునే డిస్క్‌కి డబ్బులా?" ఊరికే కూర్చునేవాళ్లకి జీతాలు... సరే, వద్దులే. ఇక్కడ మా ఆఫీసువాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మూడో డిస్క్ దగ్గర ఆరెంజ్ లైట్ వెలుగుతోంది. ఇంకా పోలేదు, పోతానని ముందే చెప్తోంది. పోయాక కొత్తది పెట్టి రీబిల్డ్ చేయాలంటే మిగతా మూడింటినీ మొదలు నుంచి చివరిదాకా చదవాలి. మూడెనిమిదులు 24 టీబీ. అప్పుడు చదవలేని సెక్టార్ తగిలితే దాన్ని లెక్కగట్టడానికి ఇంకో డిస్క్ ఉండదు. చాలా డెస్క్‌టాప్ డిస్కుల స్పెక్ షీట్ తీసి చూడండి, సుమారు 12 టీబీ చదివితే ఒక సెక్టార్ చదవలేకపోవచ్చని తయారుచేసినవాళ్లే రాసుకుంటారు. ఎంటర్‌ప్రైజ్ వాటికి ఆ హద్దు పది రెట్లు. "అంటే కచ్చితంగా పోతుందా?" అని అడుగుతారు మావాళ్లు. పోదు సార్. హెల్మెట్ లేకుండా వెళ్లినవాళ్లందరూ పడిపోతున్నారా ఏంటి!

ఇంకో పెద్దాయన ఉన్నారు. "గూగుల్ కూడా చవక పార్టులతోనే మొదలైంది" అని పోయిన నెల ఫార్వర్డ్ పంపారు. నిజమే. 1999లో కార్క్ షీట్ల మీద మదర్‌బోర్డులు పరిచి ర్యాకుల్లోకి తోశారు. ఒక మెషిన్ పోతే ఆ పని ఇంకోటి అందుకునేలా సాఫ్ట్‌వేర్ కూడా రాసుకున్నారు. ఆ ముక్క ఫార్వర్డ్‌లో ఉండదు. వాళ్లకి వేల మెషిన్లు, మనకి ఒక్కగానొక్కటి. పైగా గూగుల్ తర్వాత వాడిన మెషిన్ల మీదే చేసిన 2009 అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో ఎర్రర్లు కనిపించాయి. తప్పుల్ని తనే పట్టి సరిదిద్దే ఈసీసీ మెమరీ ఉంది కాబట్టి అవి బయటపడ్డాయి, చాలావరకు సర్దుకున్నాయి. అది లేకపోతే ఇన్వాయిస్‌లో ఒక అంకె మారినా మెషిన్ కిమ్మనదు. కొటేషన్‌లో ఆ ఈసీసీ లైన్‌నీ పెన్నుతో కొట్టేయబోయారు, చెయ్యి పట్టుకుని ఆపినంత పనైంది.

"ఖరీదైనవి పోవా మరి?" అనేవాళ్లు కామెంట్లకి రెడీగా ఉంటారని తెలుసు. పోతాయి. శుభ్రంగా పోతాయి. తను అమ్మిన కొన్ని ఎస్ఎస్‌డీలు (తిరిగే భాగాల్లేని డిస్కులు) సరిగ్గా 32,768 గంటలకి, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకి చచ్చిపోతాయని 2019 నవంబర్‌లో సర్వర్లు అమ్మే హెచ్‌పీఈ కంపెనీయే ప్రకటించింది. డిస్క్ లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్‌లో తప్పు. ఒకేసారి ఆన్ చేసినవన్నీ ఇంచుమించు ఒకేసారి కట్టగట్టుకుని పోతాయి, డేటా కూడా తిరిగి రాదు. కాకపోతే వాళ్లు ముందే చెప్పి, కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చారు. స్క్రీన్‌షాట్‌లో ఉన్న అమ్మకందారు నాకు ఫోన్ చేసి చెప్తాడా?

అలాగని సర్వర్లు అమ్మేవాళ్లని నెత్తిన పెట్టుకోవట్లేదు. అంత పోసి సర్వర్ కొన్నాక, దూరం నుంచి దాని స్క్రీన్ చూడాలంటే ఇంకో లైసెన్స్ కొనాలట. తాళం అమ్మి చెవికి వేరే రేటు చెప్పినట్టు. వాళ్ల సంగతి ఇంకో రోజు.

నిజం చెప్పాలంటే నా మంట ఈ డిస్క్ గురించి కాదు. రెండేళ్ల కిందటి పవర్ సప్లై గురించి. అప్పుడు కొన్న సర్వర్‌కి రెండు పవర్ సప్లైలు అడిగా. "ఒకటి పనిచేస్తోందిగా, రెండోది దేనికి?" అని కొట్టేశారు. మెయిల్ ఇప్పటికీ ఉంది, స్టార్ పెట్టి దాచుకున్నా. సరిగ్గా జీతాలు వేసే రోజు పదకొండింటికి ఆ ఒక్కటీ పోయింది. మెల్లగా కాలిన వాసన, ఫ్యాన్లు ఆగిపోయిన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం విన్నవాళ్లకి తెలుసు కడుపులో ఎలా ఉంటుందో. కొత్తది వచ్చి బిగించేసరికి ఆరు గంటలు. మా ప్రెజెంటేషన్లలో 99.9 శాతం అప్‌టైమ్ అని పెద్దక్షరాల్లో వేస్తారు. అంటే సర్వర్ ఆగిపోవడానికి ఏడాది మొత్తానికి ఉన్నది ఎనిమిదిముప్పావు గంటలు. అందులో ఆరు ఆ ఒక్క పూటే మింగేసింది.

తర్వాత రిపోర్ట్ వచ్చింది. కారణం: "ఐటీ విభాగానికి ముందుచూపు లేకపోవడం." ముందుచూపు! కొటేషన్‌లో రెండో లైన్‌గా రాసి ఇచ్చానయ్యా నా ముందుచూపు, కొట్టేసిన పెన్ను ఎవరిది? ఆ రిపోర్ట్ ఇప్పటికీ నా అప్రైజల్ ఫైల్లో ఉంది. తర్వాత రెండో పవర్ సప్లై వచ్చిందిలెండి. నేను సెలవులో ఉన్న రోజు ఎవరో రెండు కేబుళ్లూ తీసుకెళ్లి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో గుచ్చారు. దాని గురించి రాయడం మొదలుపెడితే నా బీపీ ఆగదు.

ఇది టైప్ చేస్తుండగానే ఇంకో మెయిల్. "లైట్ వెలుగుతున్నా సర్వర్ పనిచేస్తోంది కదా? వచ్చే క్వార్టర్‌లో చూద్దాం." వచ్చే క్వార్టర్‌కి ఇంకా 47 రోజులు. తేదీ కనిపించేలా ఆ ఆరెంజ్ లైట్ ఫొటో తీసి, రిక్వెస్ట్‌కి జతచేసి మళ్లీ పంపా. ఎందుకైనా మంచిదని ఫుల్ బ్యాకప్ కూడా మొదలుపెట్టా, 14 శాతం అయింది.

ఉండండి, ఫోన్ మోగుతోంది. ఫైనాన్స్ సారే. సర్వర్ ఎందుకో స్లోగా ఉందట.