లిబరల్ గారికి ఒక సివిక్స్ మాస్టారి ఉత్తరం

శ్రీయుత లిబరల్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు ప్రస్తుతం ఏ దేశంలో ఏ వేషంలో ఉన్నారో తెలియక కవరు మీద చిరునామా రాయలేదు.

మనకు తొలి పరిచయం ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌లో. కాగితాలు ఎగురుతాయని ఫ్యాను ఆపేసిన గది, ముందు సివిక్స్ పేపర్ల కట్ట. ఉదారవాదమంటే (అది మీ తెలుగు పేరే లెండి) దానధర్మాలు చేయడమనీ, అందుకు కర్ణుడే ఉదాహరణ అనీ ఒక మహానుభావుడు రెండు పేజీలు రాశాడు. కూడితే 33. చీఫ్ గారు నా భుజం మీదుగా తొంగిచూసి, ‘‘కొంచెం లిబరల్‌గా చూడండి మాస్టారూ’’ అన్నారు. కర్ణుడి ఖాతాలో ఇంకో రెండు మార్కులు పడ్డాయి. కుర్రాడు పాసు.

తర్వాత అర్థమైంది, వాడు మరీ తప్పు రాయలేదని. మీ గురించి ఎవరేం రాసినా ఎక్కడో ఒకచోట మార్కులు పడతాయి.

మా నిడుబ్రోలు రంగా గారు 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, రైతు పొలం జోలికీ వ్యాపారి కొట్టు జోలికీ సర్కారు రాకూడదన్నారు. అదీ మీరేనట. 1991లో మన పీవీ గారు లైసెన్సుల తాళాలు తీయించి దానికి సరళీకరణ, అంటే లిబరలైజేషన్, అని పేరు పెట్టారు. అందులోనూ మీ రక్తమే. ఇప్పుడేమో టీవీ చర్చల్లో మీ పేరు పెట్టి ఎదుటివాణ్ణి తిడుతున్నారు.

మా పెద్దమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. వాళ్ల పక్కింటాయన లిబరల్, అందరికీ వైద్యం ప్రభుత్వమే చేయించాలంటాడట. చిన్నమ్మాయి మెల్‌బోర్న్‌లో. అక్కడి పక్కింటాయనా లిబరలే. పన్నులు తగ్గించి ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలంటాడట. ఇద్దరూ ఒకేసారి వీడియో కాల్‌లోకి వస్తే నేను మీ ప్రస్తావన తేను. జపాన్‌లో మీ పేరు పెట్టుకున్న పార్టీ 1955లో పుట్టింది, పరమ సంప్రదాయవాది. రష్యాలో జిరినోవ్‌స్కీ అనే నాయకుడు మీ పేరుకు ప్రజాస్వామ్యాన్ని కూడా జోడించి పార్టీ నడిపాడు, ఆయన ప్రసంగాల్లో మాత్రం రెండూ కనబడేవి కావు. నేతిబీరకాయ నయం.

ఇన్ని కొంపలు తిరిగినాయన ఏ కొంపలోనైనా మాట నిలబెట్టారా అంటే, బ్రిటన్ సంగతి గుర్తొస్తుంది. 2010లో అక్కడి మీ పార్టీ లిబరల్ డెమోక్రాట్లు కాలేజీ ఫీజులు పెంచనివ్వమని సంతకాలు పెట్టి ఫొటోలు దిగారు. గెలిచి కూటమి సర్కారులో చేరారు. ఫీజు సుమారు మూడు రెట్లై 9,000 పౌండ్లకు చేరింది. ఓటర్లు 2015 దాకా ఓపిక పట్టి 57 సీట్లను 8 చేశారు. అక్కడ లిబరల్ వాల్యుయేషన్ లేదు కాబోలు.

మెల్‌బోర్న్‌లోని కూయాంగ్ నియోజకవర్గం ఒకప్పుడు మీ ఆస్థానం. 1944లో అక్కడి లిబరల్ పార్టీకి పునాది వేసిన మెంజీస్ గారి సీటు. 2022లో పిల్లల నరాల డాక్టరమ్మ ఒకావిడ స్వతంత్రంగా నిలబడి ఏకంగా దేశ ఆర్థికమంత్రిని అక్కడ ఓడించింది. ఆవిడ ప్రచారం రంగు ఏమిటనుకున్నారు? మీ పార్టీ నీలం రంగులో కాస్త ఆకుపచ్చ కలిపినట్టుండే నెమలికంఠం. మా ఆవిడ టీవీలో చూసి, ‘‘ఈ రంగు పట్టుచీర నాకూ ఉంది’’ అని మురిసిపోయింది. ఆ ఎన్నికల్లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు రెండు పెద్ద పక్షాలనూ కాదని మొదటి ప్రాధాన్య ఓటు ఇంకొకరికి వేశారు.

మాకు నెమలికంఠం లేదు, నోటా ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఇప్పించింది. యంత్రంలో చిట్టచివర, పెళ్లిలో ఆఖరి బంతిలా. 2024లో అరకు లోక్‌సభ స్థానంలో 50 వేలకు పైగా ఓట్లు దానికే పడ్డాయి. పడితే ఏం? అందరికంటే ఎక్కువ నోటాకే వచ్చినా, దాని వెనకున్న అభ్యర్థే గెలిచినట్టు. ఇంతకన్నా లిబరల్ వాల్యుయేషన్ నేనెక్కడా చూడలేదు.

మొన్న గేటు దగ్గర మా పాత విద్యార్థి కారు ఆగింది. మెడలో కొత్త కండువా. పదేళ్లలో మూడోది. కాళ్లకు దండం పెట్టాడు.

‘‘ఏరా, ఈ పార్టీ సిద్ధాంతమేమిటి?’’ అన్నాను.

తల గోక్కున్నాడు. ‘‘అవన్నీ తర్వాత చెబుతాను మాస్టారూ. ఈసారికి కొంచెం లిబరల్‌గా చూడండి.’’

ఇట్లు,
ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్న,
సివిక్స్ మాస్టారు