ఎర్రమట్టి సిద్ధాంతం

మన రాజ్యాంగ చరిత్రలో అతి గొప్ప సిద్ధాంతం ఏదని అడిగితే న్యాయవాదులందరూ ఒకే మాట చెబుతారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పుట్టిన ‘మౌలిక స్వరూప’ సిద్ధాంతమట. 13 మంది న్యాయమూర్తులు, 68 రోజుల వాదనలు, ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరోవైపు, 700 పైచిలుకు పేజీల తీర్పు. రాజ్యాంగాన్ని సవరించుకోవచ్చు కానీ దాని మూలస్వరూపాన్ని ముట్టుకోకూడదన్నారు. నేను కాదనను. కానీ గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగి, న్యాయశాస్త్రంలో ఒక్క పుట కూడా చదవని నిష్పాక్షికుడిగా సవినయంగా మనవి చేసుకుంటున్నాను. అంతకంటే గొప్ప సిద్ధాంతం 2020లో మన పంచాయతీ కార్యాలయాల గోడల మీద పుట్టింది. ఒక్క న్యాయమూర్తి అవసరం కూడా లేకుండా, ఒక డబ్బా రంగుతో.

సంగతి అందరికీ తెలిసినదే అయినా, శాస్త్రం కనుక క్రమంగా చెప్పుకోవాలి. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండాలోని నీలం, ఆకుపచ్చ, తెలుపు రంగులు వేయించింది. మా గుంటూరు జిల్లా నుంచే ఒకరు హైకోర్టు మెట్లెక్కారు. మార్చిలో హైకోర్టు ఆ రంగులు తీసేయమంది. సుప్రీంకోర్టుకు వెళ్లినా ఊరట దక్కలేదు. మామూలు మనిషైతే అక్కడితో ఊరుకుని గోడలు గీకించేవాడు. ప్రభుత్వం మామూలు మనిషి కాదు కదా! ఏప్రిల్‌లో 623 నంబరు జీవో వచ్చింది. మూడు రంగులూ అలాగే ఉంటాయి, అడుగున ఎర్రమట్టి రంగు పట్టీ ఒకటి చేరుతుంది. ఆకుపచ్చ అంటే పైరు, నీలం అంటే చేపల చెరువులు, తెలుపు అంటే పాలు, ఎర్రమట్టి అంటే నేలతల్లి. ఇక అది జెండా ఎలా అవుతుంది? పాలలో నీళ్లు కలిపి, ఇప్పుడివి పాలే కావు కనుక కల్తీ కేసు చెల్లదని వాదించినంత పకడ్బందీగా ఉంది.

హైకోర్టుకు ఈ లోతు అందలేదు. మేలో ఆ జీవోనూ కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో రంగులు తీసేయాలని చెప్పాక గానీ బ్రష్షులు కదలలేదు.

సిద్ధాంతం మాత్రం నిలిచింది. దాని సారం ఇది: తీర్పును ధిక్కరించకూడదు, జైలుకు పంపుతారు. పాటించకూడదు, పరువు పోతుంది. దాని అడుగున ఒక పట్టీ చేర్చాలి.

మా ఇంటికి సున్నాలు వేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఈ కేసులో ఆయన ప్రత్యక్ష సాక్షి. ఏ కోర్టూ ఆయన్ను పిలవలేదు కనుక నేనే విచారించాను. “ఒక్కో తీర్పుకు రెండు కోట్లండీ” అన్నాడు. నేను ఉలిక్కిపడి, లెక్కలు తనిఖీ చేసేవాళ్లు వింటే ప్రమాదమని నాలుగు వైపులా చూశాను. ఆయన చెప్పింది రంగు సంగతి. మొదటి కోటు ఆరాలి, రెండోది పడాలి. ఆ మూడు రంగులూ చిటికెలో వేసేశాడట, అడుగు పట్టీ దగ్గరే నడుము విరిగిందట. నూలుదారాన్ని నీలిమందులో ముంచాలి, ఆ కొస ఒకరు ఈ కొస ఒకరు పట్టుకుని గోడకు అదిమిపెట్టాలి, మధ్యలో వేలితో లాగి వదలాలి. టప్పున నీలి గీత పడుతుంది. ఆ గీత కిందే ఎర్రమట్టి. “గీత వంకర పోతే మేస్త్రీ ఊరుకోడండీ” అన్నాడు. రాజ్యాంగం విషయంలో ఇంత నిక్కచ్చిగా గీత గీసిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఈ సిద్ధాంతం 2020లో గోడకెక్కింది కానీ, దాని వేళ్లు ఇంకా లోతున ఉన్నాయి. 1950లో మద్రాసు ప్రభుత్వం (అప్పుడు మనమూ మద్రాసు రాష్ట్రమే కనుక మన ప్రభుత్వమే) బొంబాయి నుంచి వచ్చే ఒక పత్రిక తన హద్దుల్లోకి రాకూడదని నిషేధించింది. రొమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఢిల్లీ ఏం చేసింది? 1951 జూన్‌లో మొదటి సవరణ తెచ్చి, భావ ప్రకటన స్వేచ్ఛ కింద ‘శాంతిభద్రతలు’ అనే పట్టీ అతికించింది. రాజ్యాంగానికి అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు. అన్నప్రాశన నాడే ఆవకాయ అంటే ఇదే.

కేశవానంద తీర్పుకూ ఈ మర్యాద దక్కింది. తీర్పు వచ్చిన మర్నాడే, ప్రభుత్వానికి రుచించని వైపు నిలిచిన ముగ్గురు సీనియర్లను దాటించి ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిని చేస్తున్నట్టు ప్రకటించారు. తీర్పులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు, గమనించాలి. కుర్చీల వరుస సర్దారు, అంతే. ఎమర్జెన్సీలో మనిషిని అకారణంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్లే హక్కు లేదని 1976లో నలుగురు న్యాయమూర్తులు చెప్పగా, కాదన్నది హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే. మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి కావలసిన ఆయనను పక్కన పెట్టి అదే వరుస మళ్లీ సర్దారు. మంచి పద్ధతిని ఒక్కసారి వాడి వదిలేస్తే పాపం కదా.

గుంటూరువాడిగా ఇక్కడ కొంచెం సొంత డబ్బా కొట్టుకోనివ్వండి. 1954లో ఆంధ్ర హైకోర్టు ఈ ఊళ్లోనే మొదలైంది. మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తర్వాత ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1962లో ఖరక్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడిచిపెట్టిన మనిషి ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రిపూట వెళ్లి, ఉన్నాడా లేడా అని తలుపు తట్టేవారు. ఆ తలుపు తట్టడం తప్పేనని అందరూ ఒప్పుకున్నారు కానీ, ఏకాంతం (ప్రైవసీ) రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ చెప్పింది. వ్యక్తిస్వేచ్ఛలో అది అంతర్భాగమేనని సుబ్బారావు విడిగా రాశారు. వేసవి వస్తే వీధి వీధంతా మంచాలు బయట వేసుకుని పడుకునే గుంటూరులో కాపురం ఉన్న మనిషికి ఏకాంతం విలువ తెలియకుండా ఉంటుందా? ఆయన చెప్పింది సరైనదేనని పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒప్పుకునేసరికి 2017 ఆగస్టు వచ్చింది. 55 ఏళ్లు. మా వీధి కాలువ మీద మూత పడటానికి కూడా అంత కాలం పట్టలేదు.

సిద్ధాంతం ఈమధ్య బాగా ముదిరింది. 2022 చివర కందుకూరులో, 2023 జనవరి 1న గుంటూరులో తొక్కిసలాటలు జరిగి మనుషులు చనిపోయారు. అది నవ్వే విషయం కాదు. ఆ వెంటనే రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ వచ్చిన ఒకటో నంబరు జీవో మాత్రం చదవదగినది. దానికి ఊతం 1861 నాటి పోలీసు చట్టం. తెల్లదొర తిరుగుబాటు భయం ఇంకా తీరకముందు రాసుకున్న కాగితాన్ని మన వాళ్లు భద్రంగా దాచుకున్నారు. 2023 మేలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పుడు బోధపడిన సత్యం ఇది: కాగితం ఉంటేనే కదా కొట్టేసేది!

మా పక్కింట్లో ఉపాధ్యాయ సంఘం నాయకుడు ఒకాయన ఉంటారు. విజయవాడలో ఏదైనా ధర్నా ఉందంటే మాకు పంచాంగం చూడనక్కర్లేదు, తెల్లవారేసరికి ఆయన గేటు ముందు పోలీసులకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి. ప్రభుత్వాలు మారాయి కానీ కుర్చీలు మారలేదు. ఒకసారి ఆయనకూ పోలీసుకూ జరిగిన సంభాషణ నా చెవులతో విన్నాను.

“నన్ను అరెస్టు చేశారా?”

“అబ్బే, అదేం మాట మాస్టారూ! బయటికి రావద్దంటున్నాం, అంతే.”

“అరెస్టు కాకపోతే పాలపొట్లానికి వెళ్లి రావచ్చుగా?”

“మీకెందుకండీ శ్రమ, మేము తెస్తాం.”

నిజంగానే తెచ్చాడు. చిల్లర లెక్కపెట్టి మరీ తిరిగిచ్చాడు. ఈ మర్యాదలో ఉన్న న్యాయకోవిదత్వం చూడండి. అరెస్టు చేస్తే పోలీసు తన పేరు కనిపించేలా పట్టీ పెట్టుకోవాలని, మెమో రాసి సాక్షి సంతకం తీసుకోవాలని, బంధువులకు కబురు చేయాలని 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది అరెస్టే కాదు కనుక అవేవీ అక్కర్లేదు. తీర్పు చెక్కుచెదరలేదు. మాస్టారు గడప దాటలేదు.

చచ్చిన బర్రెకు పాలెక్కువ అంటారు. ఇంటర్నెట్‌లో ‘అభ్యంతరకర’ రాతలు రాస్తే జైలుకు పంపే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ 2015 మార్చిలో సుప్రీంకోర్టు చేతిలో చచ్చిపోయింది. ఆ తర్వాత కూడా దేశంలో దాని పేరిట కేసులు పితుకుతూనే ఉన్నారని విని 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది. 144 సెక్షన్‌ను మళ్లీ మళ్లీ పొడిగించుకుంటూ పోకూడదని అదే కోర్టు 2020లో అనూరాధా భాసిన్ కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 163 అయింది. ఇక 144ను ఎవరైనా దుర్వినియోగం చేస్తే నన్నడగండి.

మొన్న మా ప్రహరీకి రంగు వేయించడానికి ఆ పెద్దాయనను మళ్లీ పిలిచాను. ఊళ్లో పని బాగానే ఉందా అని అడిగాను. ఒక గోడను గరుకు కాగితంతో రుద్దుతుంటే పెచ్చు లేచి పాత రంగులన్నీ వరసగా బయటపడ్డాయట, అడుగున పసుపు, దాని మీద మూడు రంగులు, దాని మీద తెలుపు. తనకు ఏ పార్టీ మీదా కోపం లేదని, అందరూ గోడలు నాశనం చేసి తనకు అన్నం పెట్టినవాళ్లేనని చెప్పాడు. మాటల మధ్యలో సంచి సర్దుతుంటే, మూత బిగించి గుడ్డ చుట్టిన డబ్బా ఒకటి కనిపించింది. ఏమిటని అడిగాను.

“ఎర్రమట్టి రంగండీ. అప్పట్లో సగం మిగిలింది.”

“ఇన్నేళ్లయింది, పారేయలేదా?”

“ఎందుకండీ పారేయడం” అన్నాడు గుడ్డ మళ్లీ చుడుతూ. “మళ్లీ ఏదో ఒక తీర్పు రాకుండా ఉంటుందా?”