గజం ఎంతో అందరికీ తెలుసు, ఎందుకంతో ఎవరూ చెప్పరు

విజయవాడలో ఏ టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి. పోరంకిలో గజం ఎంత, గొల్లపూడిలో ఎంత, తుళ్లూరు వైపు పోయిన నెలకీ ఇప్పటికీ ఎంత తేడా వచ్చింది, అన్నీ చెవిన పడతాయి. ఆటో నడిపేవాళ్ల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ రేట్లు నోటికి వచ్చు. ఆ రేటు ఎందుకు పెరిగింది, పెరిగిన డబ్బు ఎవరి కష్టం అని అడిగితే మాత్రం "డిమాండ్ అండీ" అని ఒక్క మాటతో సరిపెడతారు. పేదరికం ఎందుకు అంటే ఇంకా తేలిగ్గా తేల్చేస్తారు: తాగుడు, చదువు లేకపోవడం, బద్ధకం. ఈ రెండు ప్రశ్నలకీ సంబంధం ఉందని మనకి బడిలో ఎవరూ చెప్పలేదు. చెప్పి తీరాలి అని నా వాదన.

మా వీధి మలుపులో ఒకావిడ చిన్న షాపు అద్దెకి తీసుకుని టిఫిన్లు వేస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకే లేస్తుంది, పెనం ముందు నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతాయి. రోడ్డు వెడల్పు చేసి, చుట్టుపక్కల హాస్టళ్లు వచ్చాక బేరం పెరిగింది. ఆర్నెల్లు తిరక్కుండానే ఓనరు వచ్చి అద్దె పెంచాడు, అడ్వాన్స్ కూడా ఇంకొంత కట్టమన్నాడు. ఆవిడకి మిగిలేది మళ్లీ పాతంతే. ఓనరు చెడ్డవాడేం కాదు, పక్క షాపు అద్దె చూసి అడిగాడు. కానీ రోడ్డు ఆయన వెయ్యలేదు, హాస్టళ్లు ఆయన తేలేదు, దోసెలు ఆయన పొయ్యలేదు. ఊరంతా కలిసి పెంచిన విలువ అద్దె రూపంలో ఒక్కరి జేబులోకి వెళ్లింది.

అమెరికాలో హెన్రీ జార్జ్ అనే పత్రికా రచయిత 1879లోనే పుస్తకం రాసి మరీ చెప్పిన సంగతి ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కో అవతల ఓక్లాండ్ కొండల్లో గుర్రం మీద వెళ్తూ, బండి తోలుకుపోతున్న ఒకతన్ని ఇక్కడ భూమి ఎంత పలుకుతోంది అని మాటవరసకి అడిగాడట. అదిగో అక్కడ ఒకాయన ఎకరం వెయ్యి డాలర్లకి అమ్ముతానంటున్నాడు అని జవాబు వచ్చింది. జనం పెరిగేకొద్దీ భూమి ధర పెరుగుతుంది, దాని మీద కష్టపడేవాడు ఆ కష్టం చేసుకోవడానికే ఎక్కువ కట్టాలి అని ఆయనకి అప్పుడే తట్టింది. చెమట మీదా కట్టిన ఇంటి మీదా కాకుండా ఉత్త నేల విలువ మీద పన్ను వెయ్యండి అన్నాడు.

ఈ మాట జనానికి ఎక్కించడానికి ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ ఏకంగా ఒక ఆటే తయారు చేసి 1904లో పేటెంట్ తీసుకుంది. వేసవి సెలవుల్లో మన పిల్లలు అరుగుల మీద ఆడే బిజినెస్ ఆటకి మూలం అదే. చోట్లన్నీ ఒక్కడి చేతిలోకి పోతే మిగిలినవాళ్లు అద్దె కట్టీ కట్టీ ఎలా ఖాళీ అవుతారో చూపించడానికే ఆవిడ దాన్ని చేసింది. నేలకి వచ్చే విలువని అందరూ పంచుకునే రూల్స్ కూడా రాసింది. మనదాకా వచ్చింది మొదటి రకం ఆట ఒక్కటే.

మన నేల చరిత్రలోనే ఈ పాఠం ఉంది. 1833లో గుంటూరు జిల్లాని నందన కరువు ఊడ్చేసింది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద నేల బంగారమైంది. మట్టి మారలేదు, నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు తెచ్చింది కూలీల చేతులు, జనం కట్టిన పన్నులు. ఇవాళ్టికీ కౌలు రైతుని అడగండి, కాలవ బాగున్న చోట బస్తాలు ఎక్కువ అడుగుతారు. గుంటూరు యార్డులో మిర్చికి మంచి ధర పలికితే మరుసటి ఏడాది ఎకరం కౌలు ఎగబాకుతుంది. ధర పడిపోతే మాత్రం, కౌలు ముందే కట్టేశాడు కాబట్టి దెబ్బంతా అతనిదే. 2019లో వచ్చిన పంట సాగుదారుల చట్టం ప్రకారం కౌలు రైతుగా గుర్తింపు కార్డు కావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలి. భూమి చెయ్యి జారుతుందన్న భయంతో చాలామంది పెట్టరు. తరాలుగా సెంటు భూమి చేతికి రాని కులాల్లో ఈ కథ మరీ పాతది.

అమరావతిలో రాజధాని కోసం జరిగిన భూ సమీకరణ కింద భూమి ఇచ్చిన రైతులకి జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన నేల) ఎకరానికి ఏటా 50 వేలు, మెట్టకి 30 వేలు కౌలుగా ఇస్తామన్నారు, పైగా అభివృద్ధి చేసిన ప్లాట్లు. భూమి లేని కుటుంబానికి మొదట్లో పెట్టింది నెలకి 2,500 పింఛను. ఆ రైతులు పడ్డ ఇబ్బందులు చిన్నవి కావు, వాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పెరిగే విలువలో వాటా ఎవరికి వచ్చిందీ, పొలం పని పోయినా ఎవరికి రాలేదో చూడమంటున్నాను.

చౌక నేల ఎక్కడుంటే పేదవాడు అక్కడే ఉంటాడు. విజయవాడలో అది కొండ వాలు, లేకపోతే బుడమేరు వాగు పక్క. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాటికి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట మునిగాయి. వాళ్లు ఏరికోరి అక్కడ ఉన్నారా? ఊరి మధ్యలో పిచ్చిమొక్కలు మొలిచిన ఖాళీ ప్లాట్లు ఏళ్ల తరబడి రేటు కోసం ఎదురుచూస్తున్నాయి. కొంటే రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం, కడితే సిమెంటు మీద జీఎస్టీ. ఖాళీ స్థలాల పన్ను చట్టంలో ఉన్నా, ఊరికే అట్టిపెట్టుకున్నవాడికి అది పెద్ద బరువుగా తగలదు.

కూతురి పెళ్లికని రెండు సెంట్లు కొనుక్కున్న టీచరుకి ఇవన్నీ చెబితే టెన్షన్ పడతారని తెలుసు. అందుకే ముందు పన్ను గురించి కాదు, పాఠం గురించి మాట్లాడుతున్నాను. పదో తరగతి పిల్లలకి ఒక పని చెప్పండి. పటమటలో ఒక వీధి తీసుకుని, అక్కడి పెద్దవాళ్లని గజం అప్పుడెంత, ఇప్పుడెంత, మధ్యలో ఏమొచ్చింది అని అడిగి రాసుకురమ్మనండి. బస్సు రూటు, మంచినీళ్ల పైపు, కాలేజీ, ఫ్లైఓవర్ అని జాబితా వస్తుంది. ఒక్కోదాని పక్కన డబ్బు ఎవరు పెట్టారో రాయించండి. తర్వాత అదే వీధిలో అద్దెకి ఉన్న ఇంటికి వెళ్లి, నెల జీతంలో అద్దెకి ఎంత పోతోందో అడిగి రమ్మనండి. ఆ రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పెట్టిన రోజు మాస్టారు పెద్దగా చెప్పాల్సిందేమీ ఉండదు, పిల్లలే అడుగుతారు.